ఆగస్టు 23కి స్కూల్లో బానిసత్వం గురించి చెప్పాలి, మన గోదారోళ్లకి దాంతో సంబంధం ఏంటి అంటున్నారు, ఏం చెప్పమంటారు?

సోషల్ మేష్టారు:

అందరికీ నమస్కారమండి. నేను తాళ్లరేవు మండలంలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఆగస్టు 23 అంటే బానిస వ్యాపారాన్నీ దాని రద్దునీ గుర్తు చేసుకునే రోజని యునెస్కో పెట్టింది కదా, 1791లో ఆ తేదీ రాత్రే ఇప్పటి హైతీలో చెరుకు తోటల్లో బానిసలు తిరగబడ్డారు, పన్నెండేళ్లకి పైగా కొట్లాడి 1804 జనవరి 1న సొంత దేశం పెట్టుకున్నారు. ఈసారి తొమ్మిది, పది పిల్లలతో ఒక గంట దీని మీద మాటాడదామనుకున్నాను.

స్టాఫ్ రూంలో ఈ మాట అంటే తోటి మేష్టారు ఒకాయన "అది అమెరికా నల్లోళ్ల గొడవండి, మన పిల్లలకెందుకు, ఒక వీడియో చూపించేసి పంపేయండి" అన్నారు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను గానీ సాయంత్రం సైకిల్ మీద ఇంటికెళ్తుంటే అదే బుర్రలో తిరిగింది. మా స్కూలు నుంచి కోరంగి పావుగంట. మారిషస్‌లో తెలుగోళ్లని కోరంగీలు అనేవారని ఎప్పుడో విన్నాను, ఎందుకన్నారో సరిగ్గా తెలీదు. మా పిల్లలకి కోరంగి అంటే మడ అడవులు, చెక్క వంతెన మీద సెల్ఫీలు, అంతే.

అందుకని అడుగుతున్నాను. బానిసత్వం రద్దుకీ కోరంగికీ ఏమైనా లింకు ఉందా? ఇంకోటి, పాలేర్ల సంగతి ఇందులో కలిపి చెప్పొచ్చా? కలిపితే ఊళ్లో ఎవరైనా ఏమన్నా అనుకుంటారా? తెలిసినోళ్లు సొంత మాటల్లో చెప్పండి, ఎక్కడినుంచో కాపీ చేసి పెట్టకండి బాబూ.

---

జగన్నాథపురం వంతెన:

లింకు ఉందండి, మామూలు లింకు కాదు. మీ స్కూలు దగ్గర రేవు కథ అర్థమవ్వాలంటే ముందు మారిషస్ కథ తెలియాలి.

ఇంగ్లీషోళ్లు 1833లో బానిసత్వం రద్దు చట్టం చేశారు, మారిషస్‌లో అది అమల్లోకొచ్చింది 1835 ఫిబ్రవరి 1న. ఆ దీవిలో అరవై వేలు దాటి బానిసలు, ఎక్కువమంది మొజాంబిక్, మడగాస్కర్ వైపు నుంచి తెచ్చినవాళ్లు, మన దేశం నుంచి తీసుకెళ్లినవాళ్లు కూడా కొంతమంది. ఇప్పుడు మీ పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి, బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారం ఎవరికిచ్చుంటారు అని. నూటికి తొంభైమంది బానిసలకి అంటారు. కాదు, యజమానులకిచ్చారు! మొత్తం సామ్రాజ్యానికి కలిపి 2 కోట్ల పౌండ్లు, అప్పట్లో ఆ సర్కారు ఏడాది ఖర్చులో దాదాపు 40 శాతం, దానికోసం చేసిన అప్పు తాలూకు బాండ్లు పూర్తిగా తీరింది 2015లో. అంటే మీ పిల్లలు పుట్టిన తర్వాత సంగతి అది. బానిసలకి ఒక్క పైసా లేదు, పైగా అప్రెంటిస్ అని పేరు మార్చి ఇంకొన్నేళ్లు అదే యజమాని దగ్గర చాకిరీ చెయ్యమన్నారు.

ఆ గడువు అయిపోగానే వాళ్లు తోటల్లోంచి లేచి వెళ్లిపోయారు, ఎవరుంటారండి అక్కడ. మరి చెరుకు నరికేదెవరు? యజమానులు ఇదంతా ముందే ఊహించి, రద్దు అమల్లోకి రాకముందే చూపు మన వైపు తిప్పారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది కలకత్తా నుంచి దిగారు, అయిదేళ్ల కాంట్రాక్టు, నెలకి 5 రూపాయలు, తిండి. అగ్రిమెంట్ అనే మాట నోరు తిరక్క మనవాళ్ల నోట్లో అది గిరిమిట్ అయిపోయింది. మధ్యలో గోల అయ్యి కొన్నేళ్లు ఆపేశారు, 1842లో మళ్లీ తెరిచారు, 1843లో కోరంగి పాకెట్ అనే ఓడ మీ రేవు నుంచే తెలుగోళ్లని ఎక్కించుకెళ్లింది. అందుకే అక్కడ తెలుగోడు అంటే కోరంగీ. మద్రాసు నుంచి కూడా చాలామంది వెళ్లారు, విశాఖ, గంజాం వైపు వాళ్లు బాగా ఉన్నారు, ఇప్పటికీ అక్కడ సింహాద్రి అప్పన్న పూజలూ అమ్మోరు పండగా చేస్తారు, ఉగాదికి దేశం మొత్తానికి సెలవు.

ఎందుకు ఎక్కారంటారా, అప్పటి గోదారి జిల్లా అంటే ఇప్పటి పచ్చటి డెల్టా కాదండి. ఆనకట్ట పని మొదలెట్టిందే 1847లో, ముగిసింది 1852లో. అంతకుముందు 1832-33 నందన కరువు, 1839 నవంబరులో ఉప్పెన, అది కోరంగిని ఊడ్చిపారేసింది, ఓడలు ఊళ్లోకి కొట్టుకొచ్చాయి. 1821 ప్రాంతంలో రాజమండ్రి జిల్లా జనాభా ఏడు లక్షలు దాటి ఉంటే 1841కి అయిదున్నర లక్షలకి పడిపోయింది. ఆకలితో ఉన్నోడికి కూలీల్ని కుదిర్చే మేస్త్రీ వచ్చి ఓడెక్కితే రోజూ అన్నం అంటే ఎక్కడా ఏంటీ అని అడుగుతాడా.

ఇంకా వెనక్కి పోతే, డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో మన కోరమాండల్ తీరం నుంచి మనుషుల్ని కొని బటేవియాకీ (ఇప్పటి జకార్తా) సిలోనుకీ పంపారు, ముఖ్యంగా కరువొచ్చినప్పుడు, జనం పిల్లల్ని అమ్ముకునే రోజుల్లో. పాలకొల్లు, నరసాపురం, మా జగన్నాథపురంలో వాళ్ల ఫ్యాక్టరీలు, అంటే వ్యాపార కొట్లు, ఉండేవి, అక్కడ అసలు బేరం బట్టలదే అనుకోండి. కాబట్టి అది నల్లోళ్ల గొడవ అన్న మేష్టారికి నా తరఫున ఒక కప్పు టీ పోయించి ఇదంతా చెప్పండి.

---

లంకలో కొబ్బరి:

పైన రాసిందంతా బాగుంది గానీ ఒక మాట చెప్తాను, కోప్పడకండి. అన్నిటినీ బానిసత్వం అనేస్తే ఆ మాటకి విలువ పోద్ది. ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ మీద ఓడలెక్కించింది కోటీ పాతిక లక్షలమందిని, అవతల ఒడ్డున ప్రాణాలతో దిగింది కోటీ ఏడు లక్షలు, అంటే దారిలోనే ఎన్ని లక్షలు పోయాయో మీరే లెక్కేసుకోండి. వాళ్లకి పుట్టిన బిడ్డ కూడా యజమాని ఆస్తే, అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు. గిరిమిట్ వాడికి అయిదేళ్లే, వాడి కొడుకు ఎవడి సొత్తూ కాదు. చాలామంది అక్కడే భూములు కొనుక్కున్నారు, వాళ్ల మనవళ్లు ఆ దేశాన్నే ఏలుతున్నారు. మా పాలేరు అయితే నచ్చకపోతే ఏడాది తిరిగేసరికి ఇంకో కామందు దగ్గరికి పోయేవాడు. రెండూ ఒకటే అని పిల్లలకి చెప్తే తప్పు చెప్పినట్టే.

---

జగన్నాథపురం వంతెన:

కొబ్బరి గారూ మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. పుట్టుకతో ఆస్తి అవ్వడం వేరు, కాంట్రాక్టు వేరు, ఆ తేడా పిల్లలకి కచ్చితంగా చెప్పాలి. కానీ ఆ కాంట్రాక్టు లోపల ఏముందో కూడా చెప్పాలి కదా. ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు, జ్వరమొచ్చినా అంతే, డబుల్ కట్ అనేవారు దాన్ని. పాస్ లేకుండా ఎస్టేటు దాటితే దేశదిమ్మరి అని జైల్లో వేసేవారు. బ్రిటిష్ మంత్రి జాన్ రస్సెల్ 1840లోనే ఇది కొత్త రకం బానిసత్వం అవుద్దేమో అని రాశాడు, అంటే ఈ పోలిక మనం ఇప్పుడు తెచ్చిపెట్టింది కాదు. మన దేశం నుంచి ఇలా గిరిమిట్ మీద మనుషుల్ని ఎక్కించడం 1917లో గానీ పూర్తిగా ఆగలేదు.

---

గట్టు మీద తాత:

నాకు 71 ఏళ్లండి, ఫోన్లో టైపు కొట్టడం మనవరాలు నేర్పింది, తప్పులుంటే సర్దుకోండి. కొబ్బరి గారు పాలేరు ఏడాది తిరిగేసరికి ఇంకో కామందు దగ్గరికి పోయేవాడన్నారు. మా తాత పాలేరు. ఆయన ఎందుకు పోలేదో నేను చెప్తాను.

మాది రామచంద్రపురం వైపు. మా తాత పెద్ద పాలేరు, మా నాన్న తొమ్మిదేళ్లకి దూడలు కాయడానికి అదే ఇంట్లో కుదిరేడు, మా నాయనమ్మ తెల్లారకుండానే ఎల్లి సావిడి ఊడ్చి పేడ తీసేది, దానికి జీతం అని విడిగా ఏమీ లేదు, పాలేరు పెళ్లాం కాబట్టి చెయ్యాలి అంతే. ఏడాదికి ఇన్ని బస్తాలు ధాన్యం అని మాట. మాట బానే ఉంటది. కానీ ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి ఇంట్లో గింజ ఉండదు, అప్పుడు కామందు దగ్గరే నాగుకి తెచ్చుకోవాలి. నాగు అంటే ఇప్పటి పిల్లలకి తెలీదు, ఇప్పుడు బస్తా తెచ్చుకుంటే సంక్రాంతికి బస్తాన్నర కొలవాలి. ఆ బస్తాన్నర జీతంలోంచి మినహాయించేస్తే మళ్లీ ఆషాఢానికి గింజ ఉండదు. మా పెద్దత్త పెళ్లికి 60 రూపాయలు తీసుకున్నాడు, దానికి ప్రోనోటు. బాకీ తీరితే గానీ ఇంకో గుమ్మం తొక్కడానికి లేదు. కొత్త కామందు ఆ బాకీ కట్టి తెచ్చుకుంటే పోవచ్చు, అప్పుడు బాకీ కూడా మా తాతతోబాటు ఆ ఇంటికి పోద్ది. మరి దాన్ని ఏమంటారో పెద్దలు మీరే చెప్పాలి.

ఆ ప్రోనోటు నా దగ్గరుంది. ఆ కామందు గారి మనవడు మంచోడు, ఇల్లు పడగొట్టి కట్టుకునేటప్పుడు భోషాణంలో పాత కాయితాలు దొరికితే నన్ను పిలిచి ఇచ్చేడు. అణా స్టాంపు, కింద వేలిముద్ర, సిరా ఎక్కువై ముద్ర ఒక పక్కకి అలికినట్టుంది. వెనకాల జమలు రాసేరు, 2 రూపాయలు, 1 రూపాయి 8 అణాలు, 3 రూపాయలు, అలా పద్నాలుగు జమలున్నాయి. ఇన్ని కట్టినా చివర లెక్క వేసిన చోట అసలు 60కి 71 బాకీ అని ఉంది. నేను లెక్కల్లో బానే చదూకున్నాను, గుమాస్తాగా ముప్పై ఏళ్లు చేసేను, ఆ లెక్క ఎలా కట్టేరో నాకు ఇప్పటికీ తేల్లేదు.

మా నాన్న ఆ బాకీ తప్పించుకోడానికే రంగం పారిపోయేడు, అంటే బర్మాలో రంగూన్, ఇప్పుడు యాంగోన్ అంటారు. కాకినాడ రేవులో ఓడెక్కేడు. అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోసేడు. టిక్కెట్టు డబ్బులు మేస్త్రీ పెట్టేడు కాబట్టి అక్కడా మేస్త్రీకి బాకీయే. అక్కడా కోరంగీ అనే పిలిచేవారంట, తిట్టినట్టు. 1930లో రేవులో గొడవలు జరిగి మనోళ్లని చాలామందిని నరికేసేరు, ఆ రోజులు తల్చుకుంటే మా నాన్న అన్నం మానేసేవోడు. జపానోళ్లు బాంబులేసినప్పుడు నడిచొచ్చేసేడు, నేను ఆ తర్వాత చాలా ఏళ్లకి పుట్టేను.

ఊళ్లో ఏమన్నా అనుకుంటారా అన్నారు మేష్టారు. అనుకుంటారు. అయినా చెప్పండి. తిట్టినట్టు చెప్పక్కర్లేదు.

---

రాజోలు పిల్ల:

తాతగారూ మీ పోస్ట్ రెండుసార్లు చదివేను. నేను కువైట్లో ఆరేళ్లు ఇంటిపని చేసొచ్చేను, 20 నంబర్ వీసా, అంటే ఇంటిపనోళ్లకిచ్చే వీసా. నా చరిత్ర చిన్నదే గానీ రాస్తాను ఎందుకంటే మా వైపు ప్రతి వీధిలోనూ గల్ఫ్ వెళ్లిన ఆడమనిషి ఒకత్తె ఉంటది, మేష్టారి క్లాసులో కూడా అమ్మ అక్కడుండి అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు ఉండే ఉంటారు.

దిగిన రోజే పాస్‌పోర్టు తీసుకున్నారు, మామ (ఇంటి యజమానురాల్ని అక్కడ అలాగే పిలుస్తాం) బెడ్రూంలో అల్మారాలో బంగారంతో పాటు పెట్టి తాళం వేసింది. అది దుమ్ము తుడిచేటప్పుడు రోజూ నా చేత్తోనే తుడిచేదాన్ని ఆ అల్మారా. మొదటి ఇల్లు మంచిది కాదు, పొద్దున్న 5కి లేస్తే రాత్రి ఒంటిగంట, రంజాన్‌లో అయితే నిద్దరే లేదు. ఒకసారి ఒంట్లో బాలేదు ఇండియా పంపేయమ్మా అంటే మామ ఏమందో తెలుసా, "నీకోసం ఆఫీసుకి ఇన్ని దినార్లు కట్టి కొన్నాను, అవి ఎవరిస్తారు" అంది. అరబ్బీ అప్పటికి నాకు సగమే వచ్చు, కొన్నాను అన్న ముక్క మాత్రం బాగా అర్థమయ్యింది, ఎందుకంటే కూరగాయలకీ అదే మాట వాడతారు.

మళ్లీ న్యాయంగా కూడా చెప్పాలి, నా రెండో ఇంటి మామ నన్ను కూతుర్లాగే చూసింది, మా చెల్లి పెళ్లికి డబ్బులిచ్చింది. కానీ ఇల్లు మంచిదా చెడ్డదా అన్నది లాటరీ లాగ ఉంటే అదేం పద్ధతి చెప్పండి. కువైట్లో 2015లో చట్టం వచ్చింది, వారానికి ఒక రోజు సెలవు, 12 గంటలకి మించి పని చేయించకూడదు, పాస్‌పోర్టు మనం ఒప్పుకోకుండా దాచుకోకూడదు అని ఉంది అందులో. నాకు ఆ చట్టం ఉందని తెలిసిందే ఇండియా వచ్చేక. ఇల్లొదిలి పారిపోతే కల్లివెల్లి, అంటే కాయితాల్లేని మనిషి, అయిపోతాం, అకామా (అక్కడుండే పర్మిట్) పోద్ది, పట్టుకుంటే జైలు. ఇంకోటి మా ఇంట్లో ముసలాయన ఉండేవాడు, వాళ్ల చిన్నప్పుడు ఇళ్లల్లో బానిసలుండేవారని మామూలుగా చెప్పేవాడు. తర్వాత వెతికి చూసేను, సౌదీలో రద్దయ్యింది 1962లో, ఒమాన్‌లో 1970లో. మా అమ్మ పుట్టింది 1968లో.

ఆడపిల్లలకి ఒక ముక్క చెప్పండి మేష్టారూ, గవర్నమెంటు ద్వారా తప్ప ఏజెంటు ఫ్రీ వీసా అంటే నమ్మొద్దని, విజిట్ వీసా మీద అసలు ఎక్కొద్దని, పాస్‌పోర్టు జిరాక్స్ ఇంట్లో ఒకటి ఉంచమని.

---

కోర్టు సెంటర్ టీ:

మన దేశం చట్టం విషయం ఎవరూ ఎత్తలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తాను, ప్లీడరు గారి దగ్గర గుమాస్తాని.

ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1843లో అయిదో చట్టం తెచ్చి బానిస మీద యజమాని హక్కుని కోర్టులు గుర్తించవు అన్నారు, తమాషా ఏంటంటే కోరంగి పాకెట్ బయల్దేరింది కూడా ఆ ఏడాదే. తర్వాత రాజ్యాంగంలో 23వ అధికరణ, వెట్టిచాకిరీ నిషేధం. 1976లో వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం, 1975 అక్టోబర్ 25 నుంచే వర్తిస్తుంది, ఆ రోజుతో వెట్టి బాకీలన్నీ రద్దు, తాతగారి ప్రోనోటు లాంటివి అప్పటికి బతికున్నా చెల్లవు. చేయించినవాడికి మూడేళ్ల దాకా జైలు, 2 వేలు దాకా జరిమానా, ఆ 2 వేలు ఇప్పటికీ అంతే, మారలేదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకున్నా అది బలవంతపు చాకిరీయే అంది, ఇది చాలామందికి తెలీదు. విడిపించినవాళ్లకి విడుదల సర్టిఫికెట్ ఇస్తారు, అది చేతిలో ఉంటేనే తర్వాత సాయం ఏదైనా.

కొబ్బరి గారికి ఒక మాట. మన గోదారి గట్ల మీద ఇటుక బట్టీలు చూడండి ఒకసారి. ఒరిస్సా నుంచి మొగుడూ పెళ్లాం పిల్లలూ అడ్వాన్సు తీసుకుని వస్తారు, వెయ్యి ఇటుకకి ఇంత అని లెక్క, సీజన్ అయ్యేదాకా ఊరికి కదలడానికి లేదు. వాళ్ల భాష మనకి రాదు, మన భాష వాళ్లకి రాదు. ఇప్పుడు మారిషస్ మనమే అయ్యాం అనిపిస్తది నాకు, ఒక్కోసారి సైకిల్ ఆపి చూస్తే.

---

లంకలో కొబ్బరి:

తాతగారూ, నాగు సంగతి నాకు తెలుసండి, మా ఇంట్లో ఇచ్చే వైపు ఉన్నాం కాబట్టి తెలుసు. మా తాత గారి పద్దు పుస్తకాలు అటక మీద ఇంకా ఉన్నాయి, ఎప్పుడూ తెరిచి చూళ్లేదు. ఇటుక బట్టీ మా బావమరిదికి ఉంది, దాని గురించి ఇక్కడ రాయను, అక్కడికెళ్లి అడుగుతాను.

పాలేరు పోయేవాడు అన్న మాట వరకూ వెనక్కి తీసుకుంటున్నాను. ఆస్తిగా పుట్టడం వేరు అన్న మాట మాత్రం తీసుకోను.

---

గట్టు మీద తాత:

అది తీసుకోవద్దు బాబూ. అది నిజమే.

---

సోషల్ మేష్టారు:

అందరికీ చాలా థాంక్సండి, ఇంత వస్తదనుకోలేదు. ఒక గంట చాలదని తెలిసిపోయింది, రెండు పీరియడ్లు అడిగేను, ఇచ్చారు.

మొదట పిల్లల్ని నడిపించుకుని కోరంగి రేవు దగ్గరికి తీసుకెళ్తాను, ఇప్పుడు రేవు లేదు, పూడిపోయిన ఏరూ మడ చెట్లూ, అక్కడే నిలబెట్టి ఓడ సంగతి చెప్తాను. తర్వాత క్లాసులో వంతెన గారి నష్టపరిహారం ప్రశ్న. నిన్న ఊరికే ట్రయల్ వేసి చూశాను, తొమ్మిదో తరగతిలో 38 మందిలో 37 మంది బానిసలకే అన్నారు, వెనక బెంచీ పిల్లాడు ఒకడు మాత్రం "ఓనర్లకే ఇచ్చుంటారు సార్" అన్నాడు. ఎలా చెప్పావురా అంటే, "మా చెరువు లీజు గొడవలో కూడా డబ్బులు ఓనరుకే వచ్చాయి, మా నాన్నకి రాలేదు సార్" అన్నాడు. నాకు మాట రాలేదు కాసేపు.

రాజోలు చెల్లెమ్మా, నువ్వు రాసింది పేరు లేకుండా చదివి వినిపించొచ్చా? మా క్లాసులో అమ్మ గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఆరుగురు, వాళ్లని పైకి లేపి అడగను, అందరితో పాటు వింటారు.

వంతెన గారూ, మారిషస్‌లో మన పూర్వీకుల పేర్లు దొరుకుతాయా? ఒక పిల్ల అడిగింది, వాళ్ల ముత్తాత అన్నగారు ఓడెక్కి మళ్లీ రాలేదంట.

తాతగారూ, ఆ ప్రోనోటు ఫొటో పంపగలరా?

---

జగన్నాథపురం వంతెన:

మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, వలస రికార్డులన్నీ అక్కడే, దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు, కొన్నేళ్ల వాళ్లకైతే ఫొటో కూడా. కాకపోతే ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ దొర చెవికి ఎలా వినపడితే అలా రాశారు, ఒకే పేరుకి నాలుగు రకాల స్పెల్లింగులు వేసుకుని వెతకాలి. ఓడ ఏ ఏడాదో ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే సగం పని అయిపోయినట్టే, ఆ పిల్ల వాళ్ల ముసలోళ్లని అడిగి రమ్మనండి.

---

రాజోలు పిల్ల:

చదవండి మేష్టారూ. కూరగాయల ముక్క వదిలేయకండి.

---

గట్టు మీద తాత:

ఫొటో మనవరాలు తీసి పెడతంది, రెండు వైపులా. పెద్దగా ప్రింటు తీయించండి, జమలు కనపడాలి. ఒకటి చెప్తాను, మా తాత పేరు చివర గాడు అని రాసుంటది, కామందు పేరు ముందు శ్రీ చివర గారు ఉంటాయి. పిల్లలు అడిగితే చెప్పండి, సిగ్గుపడి దాన్ని దిద్దొద్దు, తెల్ల రంగు పూయొద్దు.